సుగుణ సిస్టర్ నాయకత్వాన్ని నేను కొలిచిన వైనం

ఆర్మూర్ చుట్టుపక్కల ఊళ్లలో ఉన్న జ్వరాలు, దగ్గులు, కీళ్లనొప్పులు అన్నిటినీ ఒక్క గ్రాఫుతో మాయం చేసిన ఘనత నాది. మందు లేదు, సూది లేదు. పెద్ద పెద్ద డాక్టర్లకు చేతకాని ఆ పని నేను ఇరవై మూడేళ్ల వయసులో, నిజామాబాదులో ఒక హాలు నిండా ఆఫీసర్లు చూస్తుండగా చేసి చూపించాను. ఆ తర్వాత పది నిమిషాలకే నేల చీలి నన్ను లోపలికి లాక్కుంటే బాగుండునని కోరుకున్నాను. కొత్తగా టైల్స్ వేసిన నేల, చీలలేదు. ఇప్పుడు చెప్తున్నాను కాబట్టి మీరు నవ్వుకోవచ్చు, నేనేమీ అనుకోను. ఆ రోజు హాల్లో వాళ్లు నవ్విన నవ్వు ముందు మీ నవ్వు ఏపాటిది!

అప్పుడే ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ పూర్తయింది. పెర్కిట్‌లో మా ఇంట్లో కూర్చుని ఉద్యోగం కోసం ఎదురుచూస్తుంటే హైదరాబాదులోని ఒక సంస్థ నుంచి పిలుపొచ్చింది. వాళ్లు సర్కారు దవాఖానాల్లో ఇన్‌చార్జులుగా ఉన్నవాళ్లకు ఐదు రోజుల నాయకత్వ శిక్షణ ఇస్తారట. శిక్షణ తీసుకుని వెళ్లినవాళ్ల వల్ల ఊళ్లలో రోగులకు అందే సేవ నిజంగా బాగుపడిందా లేదా? అది కొలిచి చెప్పే మనిషి కావాలట. ఉద్యోగం పేరు ఫీల్డ్ రీసెర్చర్. అమ్మకు ఆ పేరు నోరు తిరగక, వాడకట్టులో అందరికీ "మా స్వప్న దవాఖానలను చెక్ జేస్తది" అని చెప్పుకుంది. మరుసటి రోజు నుంచి మా గల్లీలో ముసలమ్మలు నాకు నాలుక చాపి చూపించడం మొదలుపెట్టారు.

మా బాస్ మోహన్ సార్ హైదరాబాదు మనిషి. పని రెండు ముక్కల్లో చెప్పేశాడు.

"శిక్షణకు ముందు ఒకసారి వెళ్లి కొలువు. ఆర్నెల్ల తర్వాత మళ్లీ వెళ్లి కొలువు. రెంటికీ మధ్య ఉన్న తేడాయే నాయకత్వం."

"ఏం కొలవాలి సార్?"

"రోగి ఓపీ చీటీ తీసుకున్నప్పటి నుంచి డాక్టర్ ముందు కూర్చునే దాకా ఎంతసేపు పట్టిందో కొలువు. సేవ బాగుంటే ఆ సమయం తగ్గాలి."

"అంతేనా సార్?"

"అంతే. చిన్నపిల్లలు కూడా చేయగలరు."

చిన్నపిల్లలైతే బాగానే చేసి ఉండేవాళ్లేమో. పంపింది నన్ను.

నా వంతుకొచ్చిన ఆరోగ్య కేంద్రం మెండోర వైపు వెళ్లే దారిలో ఉంది. ఊరి పేరు చెప్పను, వాళ్లు ఇప్పటికీ నన్ను చూసి నవ్వుతారు. మొదటిసారి వెళ్లింది నడి వానాకాలంలో. ఆటో దిగేసరికి గేటు దాకా జనం. వరుసలో నిలబడి కాళ్లు లాగినవాళ్లు తమ బదులు చెప్పుల్ని నిలబెట్టి వెళ్లి గోడవార కూర్చున్నారు. ఆ చెప్పుల వరుస చూస్తే మనుషులంతా గాల్లోకి ఎగిరిపోయి చెప్పులు మాత్రం మిగిలినట్టుంది. లోపల ఒకటే దగ్గులు, చంటిపిల్లల ఏడుపులు.

వాటి మధ్యలో అక్కడి ఇన్‌చార్జి సుగుణ సిస్టర్. యాభై దాటిన మనిషి, నిండుగా ఉండేది. ఒక చేత్తో థర్మామీటర్ దులుపుతూ, రెండో చేత్తో ఎవరి చీటీయో అందుకుంటూ, భుజంతో తలుపు తోస్తూ, నోటితో అటెండర్ గంగారాంను తిడుతూ ఉంది. ఆమెకు తోడు కవిత అని ఒకే ఒక్క కొత్త సిస్టర్. డాక్టరు సారు మంచివాడే, కానీ తలెత్తి చూసే తీరిక లేదు.

నేను మెడలో స్టాప్‌వాచ్ వేలాడదీసుకుని, చేతిలో ప్యాడ్ పట్టుకుని ద్వారం దగ్గర నిలబడ్డాను. ఒక అవ్వ నన్ను కిందికీ మీదికీ చూసింది.

"గా మెడల గడియారం ఏంది బిడ్డా? పరుగు పందెం వెడుతున్రా?"

"కాదవ్వా. నువ్వు డాక్టర్ దగ్గరికి ఎంతసేపట్లో పోతావో చూస్తా."

"నేను ఉరుకలేను బిడ్డా, మోకాళ్లు పోయినయ్. జర ముందుగాల ఇడుస్తవా?"

ఆమెకు రెండు గంటల పైనే పట్టింది. మిగతావాళ్లకూ అంతే. నేను రాసుకుంటుంటే సుగుణ సిస్టర్ వచ్చి ప్యాడ్‌లోకి తొంగిచూసింది.

"గిదంతా నేను లేట్ జేసినట్టు రాస్తున్నవా?"

"లేదు సిస్టర్. ఇది మీ నాయకత్వ శిక్షణకు ముందు పరిస్థితి."

"నాయకత్వమా? గీ జరాల మంది అంత అయిపోనీ, గప్పుడు చూద్దాం. గా దూది డబ్బా ఇటియ్యి."

ఇచ్చాను. ఆ రోజంతా నేను చేసిన పనికొచ్చే పని అదొక్కటే.

కొన్నాళ్లకు ఆమె హైదరాబాదు వెళ్లి ఐదు రోజుల శిక్షణ తీసుకుని వచ్చింది. ఎలా ఉందని ఫోన్ చేసి అడిగాను.

"మంచిగనే ఉండె. ఒక రోజు కండ్లు మూసుకుని ఎనుకకు పడుమన్నరు. ఎనుకున్నోళ్లు పట్టుకుంటరట, గది నమ్మకమట. నేను పడుతనంటే ముగ్గురు డాక్టర్లు పక్కకు జరిగిన్రు బిడ్డా!"

"అయ్యో, మరి?"

"నేనే ఒద్దన్న. నేను పడితె గాళ్లకు వైద్యం జేసుడు నాకే పడుతది."

ఆర్నెల్లు గడిచాయి. అంటే లెక్క ప్రకారం మాఘమాసం. పెర్కిట్ నుంచి ఆటో ఎక్కాను. ఆ దారి నాకు ఇప్పుడు తలుచుకుంటే కళ్లకు కట్టినట్టుంటుంది. రోడ్డుకు అటూ ఇటూ చేలల్లో పసుపు తవ్వుతున్నారు. కల్లాల్లో పసుపు ఉడకబెట్టే ఆవిరి తెల్లగా లేస్తోంది. ఆ మట్టి వాసన, ఘాటు కలిసిన వాసన ఆటోలోకి కమ్ముకొచ్చింది. ఉడికించిన కొమ్ములు ఎకరాల కొద్దీ ఆరబోసి ఉన్నాయి. చూపు ఆనినంత మేర పచ్చగా వెలిగిపోతోంది. నా పక్కన కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ల చేతులు మోచేతుల దాకా పసుపు. అందులో ఒకామె ఆపకుండా దగ్గుతోంది కూడా. ఇదంతా చూస్తూ నేనేం చేశాను? ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని, స్టాప్‌వాచ్‌లో బ్యాటరీ ఉందో లేదో చూసుకున్నాను.

దవాఖానాలో అడుగుపెడితే వసారా ఖాళీ. చెప్పులు లేవు, మనుషులు లేరు. గంగారాం బల్ల మీద వాలి కునుకు తీస్తున్నాడు. కవిత సిస్టర్ గాజుగుడ్డ ముక్కలు కత్తిరిస్తోంది. ఆ పూటంతా వచ్చినవాళ్లు తొమ్మిది మంది. చీటీ తీసుకున్న మనిషి నాలుగు నిమిషాల్లో డాక్టర్ ముందు కూర్చుంటున్నాడు. నాలుగే నాలుగు నిమిషాలు! గంగారాంను తట్టి లేపాను.

"ఎన్ని రోజుల నుంచి ఇలా ఉంది?"

"నెల దాటింది మేడం. గిట్లనే ఖాళీ."

"సిస్టర్ శిక్షణకు వెళ్లొచ్చిన తర్వాతే కదా?"

గంగారాం పాపం నిజాయితీపరుడు. వేళ్ల మీద నెలలు లెక్కపెట్టాడు. "అవ్ మేడం. ఎళ్లొచ్చినంకనే."

రాసుకున్నాను. సాక్ష్యం దొరికింది. సుగుణ సిస్టర్ దగ్గరికి పరుగెత్తాను.

"సిస్టర్, అద్భుతం చేశారు!"

"నేనేం జేసిన? స్వప్నా, గిప్పుడు పసుపు..."

"అలా తీసిపారేయకండి సిస్టర్. మీ కష్టం నాకు తెలుస్తోంది."

"కష్టం ఏంది, గీ నెలల మందంత..."

"తెలుసు సిస్టర్, మందంతా మీ వల్లే తృప్తిగా ఉన్నారు!"

ఆమె నన్ను కాసేపు తేరిపార చూసి, నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరం ఉందేమోనని. నేను దాన్ని ఆశీర్వాదం అనుకున్నాను. ప్యాడ్ మీద 'వినయం: ఉన్నత స్థాయి' అని రాసి కింద రెండు గీతలు గీశాను.

సాయంత్రం ఇంటికి వెళ్తే అమ్మ గడపలో కూర్చుని కాలికి పసుపు ముద్ద వేసుకుంటోంది. తవ్వుతుంటే పలుగు తగిలిందట, పాదం బూరెలా ఉబ్బింది.

"దవాఖానకు ఎందుకు పోలేదమ్మా?"

"ఎట్ల పోవాలె? మీ నాయిన ఒక్కడే ఉడకవెట్టుకుంట గూసున్నడు. మబ్బు వడితె ఆరేసిన పసుపంత ఖరాబ్ అయితది. దవాఖాన యాడికి పోతది, గాడనే ఉంటది. పసుపు పనయినంక చూపించుకుంట."

"ఇప్పుడు పో అమ్మా! నేను ఇవాళే కొలిచాను. నాలుగు నిమిషాల్లో పంపిస్తున్నారు."

"మంది లేరా?"

"లేరు! అదే నాయకత్వం!"

"నాయకత్వం ఏందే? అందరు మా తీరుగనే పసుపు కాడ ఉంటిరి. ఎవలొస్తరు?"

చూశారా? కన్నతల్లి, మూడు అడుగుల దూరంలో కూర్చుని, స్పష్టమైన తెలుగులో చెప్పింది. నేను ల్యాప్‌టాప్ తెరిచి గ్రాఫులో రెండో కడ్డీకి ఏ ఆకుపచ్చ వెయ్యాలా అని చూస్తున్నాను. లేత ఆకుపచ్చా, ముదురు ఆకుపచ్చా? చివరికి ముదురు ఆకుపచ్చే ఖాయం చేశాను.

నెల తిరక్కుండా నిజామాబాదులో సమావేశం. ముందు వరుసలో జిల్లా ఆఫీసర్ మేడం, పక్కన డాక్టర్లు, మోహన్ సార్, ఆ వెనక నలుగురైదుగురు ఇన్‌చార్జులతో పాటు గంజి పెట్టిన చీరలో సుగుణ సిస్టర్. నేను మైకు అందుకున్నాను. తెర మీద ఎర్ర కడ్డీ తాటిచెట్టంత, పక్కన ఆకుపచ్చ కడ్డీ గడ్డిపరకంత.

"రెండు గంటలు ఎక్కడ, నాలుగు నిమిషాలు ఎక్కడ! ఇది ఒక్క మనిషి నాయకత్వం సాధించిన విజయం" అన్నాను. గొంతు కూడా వణికించాను. చప్పట్లు మోగాయి. మోహన్ సార్ నన్ను చూసి తల ఊపాడు. సుగుణ సిస్టర్‌ను వేదిక మీదికి పిలిచి మేడం స్వయంగా శాలువా విప్పింది. విప్పి, భుజాల మీద వెయ్యబోతూ, పక్కనున్న డాక్టర్‌తో అంది:

"అక్కడ ఇంత ఖాళీగా ఉందంటే ఇద్దరు సిస్టర్లు అవసరం లేదు కదా. చిన్న సిస్టర్‌ను వేరే సెంటర్‌కు పంపిద్దాం. రేపే ఆర్డర్ పెట్టండి."

సుగుణ సిస్టర్ రెండు చేతులూ అడ్డం పెట్టి శాలువాను ఆపేసింది.

"మేడం, జర ఆగుండ్రి. గీ శాలువా నాకొద్దు. కవితను మాత్రం తీస్కపోకుండ్రి."

మేడం శాలువాను మడిచి చేతి మీద వేసుకుంది.

"అదేంటి సిస్టర్?"

"గీ పిల్ల వచ్చిన దినం దవాఖానకు ఎవ్వలు రాలే మేడం. గిది పసుపు తవ్వే కాలం. జరం వచ్చినా, కాలు ఇరిగినా పసుపు ఇంటికొచ్చేదాక ఒక్కడు గడప తొక్కడు. అంతకుముందు ఆమె వచ్చింది నడి వానల, ఊరూరంత జరాలున్నప్పుడు. మళ్ల వానలు వడితె గేటు దాక మంది ఉంటరు. గప్పుడు నేనొక్కదాన్నే ఏం జెయ్యాలె?"

అక్కడితో ఆగి కూర్చుని ఉంటే ఇది చిన్న పొరపాటుగా మిగిలేది. కానీ నేను మైకు వదల్లేదు.

"మేడం, సిస్టర్ చాలా వినయం గల మనిషి. ఆ విషయం నా రిపోర్టులో ప్రత్యేకంగా రాశాను" అన్నాను.

మేడం నా వైపు తిరిగింది. "నీదే ఊరమ్మా?"

"పెర్కిట్ మేడం."

"అంటే ఆర్మూర్ పక్కనే. ఇంట్లో ఏం చేస్తారు?"

"వ్యవసాయం మేడం."

"ఏం పంట?"

అప్పుడు, సరిగ్గా అప్పుడు, నా బుర్రలో దీపం వెలిగింది. ఆటోలో ఆడవాళ్ల చేతులు, దారి పొడవునా ఆవిరి, అమ్మ ఉబ్బిన పాదం, అన్నీ వరుసగా వచ్చి నా ముందు నిలబడ్డాయి. మైకు నోటి దగ్గరే ఉంది. పక్కకు తియ్యాలని కూడా తోచలేదు.

"పసుపు మేడం."

ఆ రెండు మాటలు నాలుగు స్పీకర్లలోంచి హాలంతా మోగాయి. ముందు ఒక డాక్టరు కిసుక్కుమన్నాడు. తర్వాత ఎవరూ ఆపుకోలేదు. మేడం శాలువాను మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వనివాళ్లు ఇద్దరే, నేనూ మోహన్ సారూ.

బయట నీళ్ల డ్రమ్ము పక్కన నిలబడి నేను ఏడుస్తుంటే సుగుణ సిస్టర్ వచ్చింది. శాలువా లేదు, కానీ మేడం ఆ ఆర్డర్ ఆపేయించడంతో కవిత మిగిలిందన్న నిశ్చింత మొహంలో ఉంది. గ్లాసుతో నీళ్లు పట్టి నా చేతికిచ్చింది.

"నా వల్ల మీ సన్మానం పోయింది సిస్టర్."

"శాలువా పోతె పోయింది. నడి ఎండల శాలువా ఎవలు కప్పుకుంటరు? ఏడ్వకు. నువ్వు కొలిచిన నాలుగు నిమిషాలు నిజమే బిడ్డా. కాకపోతె రోగులందరు చేన్ల ఉంటె నువ్వు దవాఖానల గూసోని కొలిచినవ్. మళ్ల వానలు వడ్డంక రా. గప్పుడు కొల్వు. మంచిగుంటె మంచిగుందని రాయి, లేకుంటె లేదని రాయి. నేనేం అనుకోను."

ఆ మాటకు నాకు ఇంకా ఏడుపొచ్చింది.

తిరుగు ప్రయాణంలో జక్రాన్‌పల్లి దాటాక మోహన్ సార్ కిటికీలోంచి చూస్తూ అడిగాడు:

"యూనివర్సిటీలో నీకు ఎన్నో ర్యాంకు?"

"రెండు సార్."

"మొదటి ర్యాంకు వచ్చినవాళ్ల ఫోన్ నంబరు ఉందా?"

ఉంది. ఇచ్చాను. అదృష్టం బాగుండి ఆ అమ్మాయికి అప్పటికే బ్యాంకులో ఉద్యోగం వచ్చింది. అలా నా ఉద్యోగం నిలబడింది.

వానలు మొదలయ్యాక మళ్లీ వెళ్లాను. ఈసారి ఒక్క రోజుతో సరిపెట్టకుండా వారం ఉన్నాను. అడుగుపెట్టగానే ప్రశ్నలు మొదలుపెట్టాను. ఊళ్లో నాట్లు అయిపోయాయా? జాతర ఉందా? బోనాలు ఎప్పుడు? పెళ్లిళ్లు ఉన్నాయా? సుగుణ సిస్టర్ విని విని విసుక్కుంది.

"గింతగనం అడుగుతున్నవ్, సంబంధం చూసెటందుకు వచ్చినవా, దవాఖాన చూసెటందుకు వచ్చినవా?"

మంది పోయినేటి కంటే ఎక్కువే ఉన్నారు. చూడగానే నా ప్రాణం ఉసూరుమంది. కానీ కూర్చుని చూస్తుంటే ఒక తేడా కనిపించింది. ఇదివరకు బీపీ, షుగర్ గోలీల కోసం వచ్చే ముసలివాళ్లు కూడా జ్వరాల వాళ్లతో పాటే అదే వరుసలో నిలబడేవాళ్లు. ఇప్పుడు వాళ్లకు వసారాలో వేరే బల్ల వేశారు. కవిత సిస్టర్ అక్కడే బీపీ చూసి, బాగుంటే గోలీలిచ్చి పంపేస్తోంది, తేడా ఉన్నవాళ్లను మాత్రమే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తోంది. పొద్దున్నే గేటు తీయకముందు అందరూ పది నిమిషాలు నిలబడి ఆ రోజు ఎవరు ఏం చూడాలో మాట్లాడుకుంటున్నారు. వారం రోజులు కొలిస్తే, అంత మందిలోనూ ఒక్కొక్కరికి అరగంటకు పైగా కలిసొచ్చింది.

నాలుగు నిమిషాల అద్భుతం ముందు అరగంట చిన్నదే. కానీ ఇది నిజం. ఆ అరగంటను చూసి నేను మురిసిపోయినట్టు నా పరీక్షా ఫలితాలు చూసి కూడా మురిసిపోలేదు. ఒక రోజు నా వెంట వచ్చిన అమ్మ కూడా అదే బల్ల దగ్గర బీపీ చూపించుకుని, "జల్దీనే అయిపోయిందే" అంది. ఆ ఒక్క మాట వెయ్యి చీటీల పెట్టు.

ఇక మిగిలింది చివరి ప్రశ్న. సుగుణ సిస్టర్ ముందు కాగితం పెట్టుకుని కూర్చున్నాను.

"ఈ వేరే బల్ల ఆలోచన శిక్షణలో నేర్చుకున్నదేనా సిస్టర్?"

"అవ్, గాడ నేర్చుకున్నదే."

నా సంతోషం చెప్పతరం కాదు. "ఏ క్లాసులో? లక్ష్యాలు పెట్టుకోవడం గురించి చెప్పారు కదా, అందులోనా?"

"గాదు. గప్పుడు కునుకు వట్టింది."

"కాలాన్ని సరిగ్గా వాడుకోవడం?"

"గా సారు లేట్‌గ వచ్చిండు. గా క్లాసే గాలే."

"మరి ఎక్కడ సిస్టర్?"

"మూడో దినం అన్నం కాడ. పప్పు అయిపోయింది. మళ్ల వండి తెచ్చేదాక అందరం ప్లేట్లు వట్టుకోని నిలవడ్డం. నా ముంగట వేరే జిల్లా సిస్టర్ ఒకామె ఉండె. మీ దగ్గర గింత మందిని ఏం జేస్తున్నరంటే మీరేం జేస్తున్నరని మాట్లాడుకున్నం. గప్పుడు చెప్పింది, బీపీ గోలీలకు వేరే బల్ల వేసుకున్నమని."

ఉన్నదున్నట్టు రాసి సంతకం పెట్టించుకున్నాను. మోహన్ సార్ ఆ పేజీ రెండుసార్లు చదివి కళ్లజోడు తీశాడు.

"అంటే స్వప్నా, మన ఐదు రోజుల శిక్షణలో రోగులకు ఉపయోగపడింది పప్పు అయిపోవడమా?"

"అవును సార్. వంటవాళ్లకు శాలువా కప్పాలి."

నవ్వుతాడో ఉద్యోగం పీకేస్తాడో తెలియలేదు. ఆయన నవ్వాడు. మరుసటి శిక్షణ నుంచి మధ్యాహ్న భోజనానికి గంటకు బదులు రెండు గంటలు ఇవ్వాలని తీర్మానించారు. పప్పు మాత్రం కావాలనే తక్కువ వండించేవాళ్లని నాకు అనుమానం.

సుగుణ సిస్టర్ ఆ తర్వాత రెండేళ్లకు రిటైరైంది. ఆమె చేతుల మీదుగా నడిచిన ఆ దవాఖానా, ఆ వసారా, ఆ వానలు తలుచుకుంటే ఇప్పటికీ మనసు ఆర్ద్రమవుతుంది. అంత మంచి మనిషిని కొలవడానికి అంత తెలివితక్కువ మనిషిని పంపారు కదా అని నవ్వూ వస్తుంది.

కాబట్టి, ఇది చదివిన మీ అందరి సాక్షిగా, కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఏ ఊరికి ఏ సేవను కొలవడానికి వెళ్లినా, ఎదుటి మనిషి "జర విను" అన్నప్పుడు ఆ మాట పూర్తయ్యేదాకా నోరు మెదపను. కన్నతల్లి మాట్లాడుతుంటే ఆకుపచ్చ రంగుల గురించి ఆలోచించను. అన్నిటికంటే ముఖ్యంగా, నేను చెప్పేది తప్పని తేలుతున్నప్పుడు చేతిలో మైకు ఉంటే, దేవుడి మీద ఒట్టు, ముందు దాన్ని ఆపేస్తాను.